మంచం గుర్తు మీద నాలుగున్నర గంటలు

"నాలుగున్నర గంటలు పడుకున్నావు కదయ్యా, ఇంకా ఏం కావాలి?" అన్నాడు బోర్డాయన.

ఆ మాటకి అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. లారీల యార్డులో, ఆఫీసు కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సరుకు అప్పజెప్పిన రసీదులు, ఇంకో చేతిలో బండి తాళాలు. తెల్లవారకముందు రెండింటికి లేచిన మనిషి. మూడున్నరకి బండి తీశాడు. రెండున్నర గంటలు నడిపి గోడౌనుకి చేరాడు. సరుకు దించి, మళ్ళీ రెండున్నర గంటలు నడుపుకుంటూ ఇప్పుడే గేట్లోకి వచ్చాడు. తాళాలు కిటికీలో పడేసి ఇంటికి పోయి, చొక్కా కూడా విప్పకుండా పడిపోదామనుకున్నాడు. ఏ బండి ఎవరు తీయాలో గోడ బోర్డు మీద రాసే బోర్డాయన తల ఎత్తకుండానే తాళాలు ఇటు నెట్టి, వాటి మీద ఇంకో లోడు కాగితం పెట్టాడు. రెండింటికల్లా గేటు దాటాలట. తొమ్మిదింటికి తిరిగి వచ్చేయొచ్చట.

"కళ్ళు మూసుకుపోతున్నాయండీ, ఇక నావల్ల కాదు" అన్నాడు అతను. దానికి వచ్చిన జవాబే ఆ 'పడుకున్నావు కదయ్యా'.

ఆ నాలుగున్నర గంటలూ అతను ఏం చేశాడో అతని నడుముకి తెలుసు. గోడౌన్లో దించేవాళ్ళు ఉంటారని, అతన్ని ఈ కంపెనీకి డ్రైవరుగా పంపిన ఏజెన్సీ వాళ్ళు చెప్పారు. ఉన్నారు, కాదనకూడదు. ఒకడు తలుపు తీస్తాడు, ఇంకొకడు కుర్చీలో కూర్చుని టిక్కులు పెడతాడు. దించాల్సింది మాత్రం డ్రైవరే. ఇరవై ఆరు చెక్క పలకలు, ఒక్కో పలక మీద మనిషెత్తు అట్టపెట్టెలు. చేతి ట్రాలీ కింద దూర్చి, పైకి లేపి, ఒక్కోదాన్నీ లాక్కుంటూ లోపలికి తీసుకెళ్ళాలి. పదిహేడో పలక దగ్గర ఒక పెట్టె చిరిగిందని గొడవ. మొత్తం మళ్ళీ చూపించాల్సి వచ్చింది. బాత్రూముకి వెళ్దామంటే డ్రైవర్లకి తాళం ఇవ్వరు. గేటు బయట పొదలున్నాయిగా అన్నారు.

మరి పడుకున్నాడని ఎవరు చెప్పారు? మిషను చెప్పింది.

ఆ కంపెనీ ప్రతి లారీలోనూ స్టీరింగు పక్కన గంటలు రాసే మిషను ఒకటి ఉంటుంది. డ్రైవరు తన కార్డు అందులో దూర్చి బండి తీయాలి. బండి కదిలితే, నడుపుతున్నాడని దానంతట అదే రాసుకుంటుంది. బండి ఆగితే మాత్రం డ్రైవరే దానికి చెప్పాలి. సుత్తి గుర్తు నొక్కితే వేరే పని చేస్తున్నట్టు. మంచం గుర్తు నొక్కితే విశ్రాంతి తీసుకుంటున్నట్టు. రోజుకి ఇన్ని గంటల పనే చేయాలని చట్టం. మంచం గుర్తు మీద గడిచిన సమయం ఆ గంటల్లోకి రాదు.

"బండి ఆగిందా, మంచం నొక్కెయ్" అని మొదటి రోజే నేర్పాడు బావ.

బావ అంటే అక్క మొగుడే. ఈ కంపెనీలో పన్నెండేళ్ళ నుంచి పర్మినెంటు డ్రైవరు. బామ్మర్దిని ఏజెన్సీ ద్వారా ఇక్కడికి తెచ్చింది ఆయనే.

"నేను పడుకోను కదా బావా" అన్నాడు అప్పుడు అతను.

"చూడ్డానికి మిషనేమన్నా నీ పక్కలో పడుకుంటుందా? నొక్కవోయ్. సుత్తి నొక్కావనుకో, పన్నెండు కొట్టేసరికి నీ గంటలు అయిపోతాయి. అప్పుడిక బోర్డాయనకి నీ మొహం చూస్తే అజీర్తి."

నొక్కాడు. ఇరవై రెండు రోజులుగా నొక్కుతూనే ఉన్నాడు.

ఇరవై రెండు రోజులుగా ఇదే వరస. రేపటి డ్యూటీ ఎన్నింటికో సాయంత్రం ఏడు దాటితే గానీ ఫోనులో రాదు. వచ్చిన పది నిమిషాల్లో 'సరే' అని జవాబు పెట్టాలి. మొదటి తొంభై రోజులు కొత్తవాళ్ళు దేనికీ 'కుదరదు' అనకూడదు. అంటే శిక్షేమీ ఉండదు, ఫోను మోగదు అంతే. పోయిన వారం కొడుక్కి జ్వరమని ఒకతను కుదరదన్నాడు. అతని ఫోను ఇప్పటికీ మోగలేదు. ఆఫీసు గోడ మీది తెల్లబోర్డులో పర్మినెంటు వాళ్ళ పేర్లు నీలం రంగులో ఉంటాయి. ఏజెన్సీ వాళ్ళకి పేర్లు లేవు. ఎర్ర రంగులో కొత్త ఒకటి, కొత్త రెండు, అలా పదకొండు దాకా. అతను కొత్త ఆరు. కొత్త ఐదు ఏమయ్యాడని అడిగితే, "పాతబడకుండానే పోయాడు" అన్నాడు బావ.

ఇవన్నీ పంటి బిగువున భరించాడంటే ఒక్కటే కారణం. లైసెన్సు. చిన్న వ్యాను నడుపుతూ, రెండుసార్లు పరీక్ష తప్పి, మూడో ఏడు తెచ్చుకున్న హెవీ లైసెన్సు అది. అది వచ్చిన రోజు ఇంట్లో ఆవిడ దానికి ప్లాస్టిక్ తొడుగు కొనుక్కొచ్చింది. తొంభై రోజులు ఓపిక పడితే బోర్డు మీద పేరు, వారానికో సెలవు, ముందే తెలిసే డ్యూటీ. అందుకని ఓపిక పట్టాడు.

కానీ ఇవాళ సంగతి వేరు. అతను రసీదుల్లోంచి ఒక చీటీ తీసి కిటికీలోంచి లోపలికి పెట్టాడు.

"చూడండి. టోల్ గేటు చీటీ. పదకొండూ నలభైకి కొట్టారు. ఆ గేటు దగ్గర నేను ఆగినట్టు నాకు గుర్తు లేదు."

బోర్డాయన చీటీ తిప్పి చూశాడు. "చీటీ ఉందిగా. ఆగావు."

"అదే చెప్తున్నాను. ఆగాను, అద్దం దించాను, చీటీ తీసుకున్నాను. ఒక్కటీ గుర్తు లేదు. గేటుకి ముందు పెద్ద వంతెన ఉంటుంది, అది కూడా గుర్తు లేదు. పద్నాలుగు చక్రాల బండి, నేను లేకుండానే వంతెన దాటింది."

"టీ తాగు" అన్నాడు బోర్డాయన.

అతను కిటికీ చట్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకోకపోతే ఆ చెయ్యి ఎటు పోయేదో అతనికే నమ్మకం లేదు. బోర్డాయన ఫోను తీసి ఏజెన్సీ మేడమ్‌కి కలిపి, స్పీకరు నొక్కి కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నమస్కారమండీ" అంది మేడమ్. ఆవిడ గొంతులో తేనె కారుతుంది. "మీ క్షేమమే మాకు ముఖ్యం. అలిసిపోతే తప్పకుండా చెప్పాలి."

"అలిసిపోయానండీ. చెప్తున్నాను."

"కానీ మీ రికార్డులో ఇవాళ నాలుగున్నర గంటల విశ్రాంతి కనిపిస్తోంది. నడిపింది ఐదు గంటలే."

"ఆ నాలుగున్నర గంటలూ సరుకు దించానండీ. మంచం గుర్తు నొక్కమన్నది ఇక్కడివాళ్ళే."

"ఎవరన్నారండీ? కాగితం మీద ఏమన్నా ఉందా?"

కాగితం మీద ఏముంటుంది? ఎవరూ రాసి ఇవ్వలేదు. బావ టీ తాగుతూ చెప్పాడు.

"తప్పుడు రికార్డు పెట్టడం చాలా పెద్ద విషయమండీ" అంది మేడమ్, అదే తేనెతో. "మీరు పెట్టారని నేను అనుకోను. ఉంటానండీ."

బోర్డాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "విన్నావుగా. నీ చేత్తో నువ్వే నొక్కావు. ఒకసారి కాదు, ఇరవై రెండు రోజులు. రవాణా శాఖ తనిఖీ వాళ్ళకి తెలిస్తే లైసెన్సు ఊడుతుంది. నేను నీ మంచి కోరి చెప్తున్నా, కొత్త ఆరూ. బండి తియ్."

ఉచ్చు ఎక్కడుందో అప్పటికి గానీ అతనికి కనపడలేదు. నిజం చెప్తే లైసెన్సు పోతుంది. చెప్పకపోతే నిద్రలో బండి నడపాలి. ఆ ఉచ్చుని ఇరవై రెండు రోజులపాటు రోజుకో ముడి చొప్పున అల్లుకున్నది తన వేలే.

అంతలో బావ వచ్చాడు. అరుపులు విని వచ్చాడో, బోర్డాయన కబురు పెట్టాడో తెలియదు. బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి, నీళ్ళ పంపు దగ్గరికి లాక్కుపోయాడు.

"మొహం కడుక్కో ముందు. ఏంట్రా ఆ రంకెలు? ఎద్దువా, డ్రైవరువా?"

"ఎద్దుకైతే పొద్దున పని చేశాక కాడి విప్పుతారు బావా."

"జోకులు బాగానే వస్తున్నాయి, నిద్రేం లేదు నీకు." బావ గొంతు తగ్గించాడు. "ఈ ఒక్క ట్రిప్పు వెళ్ళిరా. దారిలో ఎక్కడైనా పక్కకి ఆపి పావుగంట కునుకు తియ్. రేపు నేను ఆయనతో మాట్లాడతా."

"ఇలాగే మొన్న కూడా అన్నావు."

"మొన్న ఆయన మూడ్ బాగాలేదు."

"నేను వంతెన దాటింది నాకు గుర్తులేదు బావా. ఎవడన్నా అడ్డం వచ్చి ఉంటే వాడు కూడా గుర్తుండేవాడు కాదు. అది అర్థమవుతోందా నీకు?"

బావ పంపు కట్టేశాడు. కట్టేసిన పంపునే మళ్ళీ బిగించాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఆరేళ్ళు రాత్రి బండ్లు నడిపాక ఆయనకి పగటి బండి దొరికింది. బామ్మర్దిని పనిలో పెట్టినప్పుడు బోర్డాయన ఒక మాట అన్నాడట. నీ మనిషి 'కుదరదు' అన్న రోజున నీ పగటి బండి ఇంకొకరికి వెళ్తుంది అని.

"అంటే నన్ను తాకట్టు పెట్టావన్నమాట" అన్నాడు అతను.

"నోరు పారేసుకోకు. మీ అక్క అడిగింది కాబట్టి తెచ్చాను. నాకేం సరదానా?"

"మంచం నొక్కడం నేర్పేటప్పుడు ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నొక్కేవాడివా?"

బావని చూస్తే అతనికి అసహ్యమేసింది. తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, తిన్నగా కిటికీ దగ్గరికి నడిచాడు. లోడు కాగితం, తాళాలు తీసుకుని బండి ఎక్కాడు. బోర్డాయన బోర్డు మీద కొత్త ఆరు పక్కన ఎర్రగా టిక్కు పెట్టాడు. బావ ఊపిరి పీల్చుకున్నాడు.

బండి కదల్లేదు.

డ్రైవరు సీట్లో కూర్చుని అతను మిషను వంక చూశాడు. లైసెన్సు క్లాసుల్లో ఆఖరి రోజు, అందరూ బస్సు పోతుందని సంచులు సర్దుకుంటుంటే, పాఠం చెప్పినాయన ఒక మాట చెప్పాడు. ఎప్పుడైనా గుర్తు తప్పు నొక్కితే కంగారు పడొద్దు. మిషన్లోంచి ఆ రోజు చీటీ తియ్యండి, దాని వెనక జరిగింది రాసి సంతకం పెట్టండి, తనిఖీ వాళ్ళకి చూపించండి. చీటీ వెనక వైపు ఖాళీగా ఉంచింది అందుకే. రోజూ మంచం నొక్కే యార్డులో ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మీట నొక్కాడు. మిషను కీచుమంటూ జానెడు కాగితం బయటికి కక్కింది. అందులో ఉదయం ఆరూ పదిహేను నుంచి పదీ నలభై ఐదు దాకా బుజ్జి మంచం బొమ్మ ఒకటి ఉంది. తన మంచం ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాడు. చీటీ తిప్పి, లోడు కాగితాన్ని కింద దన్నుగా పెట్టుకుని రాశాడు.

'ఈ నాలుగున్నర గంటలు నేను పడుకోలేదు. ఇరవై ఆరు పలకల సరుకు ఒంటిచేత్తో దించాను. మంచం గుర్తు తప్పు. దాన్ని నొక్కింది నేను. ఇరవై రెండు రోజులుగా నొక్కుతున్నాను. అలా నొక్కమని ఇక్కడ నేర్పారు. లేకపోతే మధ్యాహ్నానికే మా గంటలు అయిపోతాయి. ఇప్పుడు నిద్రతో బండి నడపలేను.'

కింద తేదీ, టైము వేసి సంతకం పెట్టాడు. అక్షరాలు వంకర పోయాయి. భయంతో కాదు, కోపంతో.

ఇంజను చప్పుడు వినపడకపోయేసరికి బోర్డాయన కుర్చీలోంచి లేచాడు. ఆయన కుర్చీ దిగి యార్డులోకి రావడం అతను చూడ్డం అదే మొదటిసారి. ఎత్తు తక్కువ మనిషి. లారీ మెట్టు పట్టుకుని పైకి చూశాడు.

"ఇంకా ఏం చేస్తున్నావు?"

"రాసుకుంటున్నానండీ." అతను చీటీ అద్దం దగ్గర రాసిన వైపు బయటికి తిప్పి పట్టుకున్నాడు, చేతికి అందనంత ఎత్తులో. "చదువుకోండి."

బోర్డాయన చదివాడు. చదువుతుంటే పెదాలు కదిలాయి. సగంలో మొహం మాడిపోయింది.

"ఇటివ్వు."

"ఇది తనిఖీ వాళ్ళకి చూపించాల్సింది. మీకు కాదు."

"పిచ్చెక్కిందా? నీ లైసెన్సు నువ్వే చించుకుంటున్నావు."

"తెలుసు. నిద్రలో ఎవడి మీదికన్నా ఎక్కించాక చించేది మీరు. దానికంటే ఇది నయం."

యార్డులో ఇంకో నలుగురు చేరారు. బోర్డాయన వాళ్ళని చూశాడు, చీటీని చూశాడు. ఆఖరికి బావ మీద ఆగాయి ఆయన కళ్ళు.

"నేర్పారు అని రాశాడు. ఎవరు నేర్పారు? వీడి బావే కదా నేర్పింది. అయితే ఆ తప్పు కంపెనీది కాదు, ఈయనది." గొంతు పెంచి బావనే అడిగాడు. "పన్నెండేళ్ళ నుంచి ఉన్నావు. మంచం నొక్కమని నేను నీతో ఎప్పుడైనా అన్నానా? అందరి ముందూ చెప్పు."

పన్నెండేళ్ళలో ఆ మాట బావ ఎన్నిసార్లు విన్నాడో ఆయనకే లెక్క లేదు. ఎంతమంది కొత్తవాళ్ళ చెవిన వేశాడో దానికీ లెక్క లేదు. ఒక్క పూటలో అదంతా తన ఒక్కడి పాపం అయిపోయింది.

"సరే, మాట్లాడకు" అన్నాడు బోర్డాయన. "తాళాలు తీసుకో. ఈ లోడు నువ్వు పట్టుకెళ్ళు. వీణ్ణి దించు."

బావ లారీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "తాళాలు ఇటివ్వరా."

అతను ఇచ్చాడు. ఆ క్షణాన బావ మొహాన ఉమ్మేయాలన్నంత కోపం వచ్చింది. కార్డు పీక్కుని, చీటీ మడిచి జేబులో పెట్టుకుని కిందికి దూకాడు.

బావ తాళాలు తీసుకుని లారీ ఎక్కలేదు. ఆఫీసులోకి వెళ్ళాడు. గోడకున్న కొక్కేనికి వాటిని తగిలించి వచ్చాడు.

"నా గంటలు కూడా అయిపోయాయండీ" అన్నాడు బోర్డాయనతో. అంతే అన్నాడు. స్కూటరు తీసి, గేటు దగ్గర బామ్మర్ది పక్కన ఆపాడు.

"ఎక్కు. తనిఖీ ఆఫీసుకేగా? దింపుతాను. లోపలికి మాత్రం రాను, ముందే చెప్తున్నా."

"నిన్ను రమ్మని ఎవడు పిలిచాడు?"

"ఎక్కరా బాబూ."

తనిఖీ ఆఫీసు హైవే పక్కన, యార్డుకి రెండు మైళ్ళ దూరంలో ఉంది. దారి మధ్యలో అతని ఫోను బుర్రుమంది. ఏజెన్సీ నుంచి కబురు. విచారణ ముగిసేవరకు డ్యూటీలు లేవు. ఈసారి తేనె ఏమీ లేదు, ఒకటిన్నర వాక్యం. చదివి జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసులో ఒక గది, పొడవాటి బెంచీ ఒకటి, కాగితాల కట్టల వెనక ఇన్‌స్పెక్టరమ్మ. కళ్ళజోడు ముక్కు మీదికి దించి చీటీ రెండు వైపులా చదివింది. మళ్ళీ చదివింది.

"నీ అంతట నువ్వే తెచ్చావా?"

"అవునండీ."

"ఇది తీసుకుంటే ముందు కేసు నీ మీదే రాయాలి. తెలుసా?"

"తెలుసండీ."

"లైసెన్సు ఆపేస్తారు. ఎన్నాళ్ళో నేను చెప్పలేను. మళ్ళీ ఇవ్వకపోవచ్చు కూడా."

అతను జేబులోంచి లైసెన్సు తీశాడు. బల్ల మీద పెట్టాడు.

"రాయండి. కానీ నాతో ఆపకండి. ఆ యార్డులో నాలాంటి కొత్తవాళ్ళు ఇంకో పదిమంది దాకా ఉన్నారు. మీరు ఇప్పుడు వెళ్ళి మిషన్లు చూస్తే సగం మంది మంచాల మీద ఉంటారు. మనుషులేమో ట్రాలీలు తోస్తుంటారు. వాళ్ళే సాయంత్రం ఈ రోడ్డు మీద మీ ఆఫీసు ముందునుంచే పోతారు."

ఇన్‌స్పెక్టరమ్మ కలం మూత తీసింది. "నేర్పారు అని రాశావు. ఎవరు? పేరు లేకపోతే ఇది నీ ఒక్కడి తప్పుగానే ముగుస్తుంది. వాళ్ళు చేతులు దులుపుకుంటారు."

బోర్డాయన అతనికి నేరుగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పింది ఒక్కడే. కిటికీలోంచి చూస్తే ఆ ఒక్కడూ హెల్మెట్ కూడా తీయకుండా స్కూటరు మీద కూర్చుని, ఎటో చూస్తున్నాడు. పేరు చెప్తే ఆయన లైసెన్సు కూడా పోతుంది. అక్క ఇల్లు నడిచేది దాని మీదే. చెప్పకపోతే బోర్డాయన రేపు పొద్దున ఇంకో కొత్త ఆరుకి ఎర్ర టిక్కు పెడతాడు. ఇంత కోపంలోనూ నాలుక లేవలేదు. అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఆలోచించుకో" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "తొందరేం లేదు."

అతను వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. బావ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"చెప్పాడాండీ?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరమ్మని.

"ఎవరు మీరు?"

"వీడి బావని. చెప్పలేదు కదూ. చెప్పడు, వెధవ." గొంతు సవరించుకున్నాడు. "మంచం నొక్కమని వీడికి నేర్పింది నేను. వీడొక్కడికే కాదు, చాలామందికి నేర్పాను. నాకు నేర్పింది బోర్డు ముందు కూర్చునే ఆయన. ఏ బండి దగ్గర, ఏమని చెప్పాడో మాటకి మాట చెప్తాను. అదీ రాసుకుంటారా?"

ఇన్‌స్పెక్టరమ్మ బావని ఎగాదిగా చూసింది. "మీ లైసెన్సు కూడా ఇక్కడ పెట్టాల్సి ఉంటుంది."

బావ పర్సు తీశాడు. అందులోంచి తనది తీసి బల్ల మీద, బామ్మర్ది లైసెన్సు పక్కన పెట్టాడు. ఆమె ఇంకో కాగితం ముందుకు లాక్కుని తేదీ వేసింది.

అతనికి బావ మీద కోపం పోలేదు. ఎన్నాళ్ళకి పోతుందో కూడా తెలియదు. బెంచీ మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.